"ఎంతో కొంత పంపగలరు": ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ బకాయి ఉత్తరాల కేసు

ఈ కేసు రాస్తానంటే ఫ్యాక్టరీ యజమాని ఒక్క షరతు పెట్టారు. "ఊరు రాసుకోండి మాస్టారూ, నా పేరు మాత్రం వద్దు." పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలు బోలెడు కాబట్టి ఊరు చెప్పినంత మాత్రాన ఆయనెవరో తేలదు. సరుకు కొన్న కంపెనీ పేరు, అది ఉన్న ఊరు వదిలేశాను. సొమ్ములు, తేదీలు కొంచెం జరిపాను గానీ లెక్క చెడకుండా చూశాను.

నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని తయారు చేసేవాణ్ణి. మిషన్లు పాత సామాను కొట్టుకు పోయాక చిన్న వ్యాపారాలకు ఉత్తరాలు రాసిపెట్టడం, వాళ్ల ఆఫీసు పిల్లలకు రాయడం నేర్పడం నా పని అయింది. లాయర్ని కాను. వ్యవహారం చిన్న సంస్థల బకాయి గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ దాకానో కోర్టు దాకానో వెళ్తుందనిపిస్తే లాయరు దగ్గరికే పంపుతాను.

నేపథ్యం

సుమారు నలభై మంది ఆడవాళ్లు పని చేసే ఫ్యాక్టరీ. పిక్కలు (తొక్కతో ఉన్న జీడిగింజలు) కొని, ఉడకబెట్టి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసి పది కిలోల డబ్బాల్లో పంపుతారు. 2021 నుంచి ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, మైక్రో (అతి చిన్న సంస్థ) కింద. యజమానికి అరవై దాటాయి. లెక్కలన్నీ కోడలు చూస్తుంది. బీకాం చదివింది, ట్యాలీ బాగా వచ్చు.

2024 జూన్, జూలై నెలల్లో పక్క రాష్ట్రంలోని ఒక మిఠాయిల కంపెనీకి మూడు లోడ్లు పంపారు. జూన్ 3న చేరిన లోడు రూ.6,20,000, జూన్ 24న చేరింది రూ.7,35,000, జూలై 15న చేరింది రూ.4,85,000. మొత్తం 18 లక్షల 40 వేలు. పర్చేజ్ ఆర్డరులో 60 రోజుల్లో చెల్లిస్తామని ఉంది. దీపావళి వెళ్లిపోయింది, పైసా రాలేదు.

ఈ సొమ్ము ఇరుక్కుపోవడంతో బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (సరుకు, రావలసిన బాకీలు చూపి వాడుకునే అప్పు) లిమిట్ నిండిపోయింది. కొత్తగా పిక్కలు కొనడానికి చేతిలో డబ్బు లేదు. మన చుట్టుపక్కల పిక్కల పంట మార్చి నుంచి మే దాకానే. ఆ తర్వాత వ్యాపారుల దగ్గర బస్తాలు, బస్తా అంటే 80 కిలోలు, అప్పటి ధరకు కొనుక్కోవాలి. పిక్కలు లేకపోతే కటింగ్ ఉండదు, కటింగ్ లేకపోతే ఆడవాళ్లకు కూలి ఉండదు.

నా దగ్గరికి వచ్చేసరికి

నవంబరు మొదటి వారంలో కోడలు ఫోన్ చేసింది. "మాస్టారూ, ఒక గట్టి ఉత్తరం రాసిపెట్టాలి." గట్టి ఉత్తరం కావాలని ఎవరు అడిగినా నేను ముందు పాత ఉత్తరాలు చూపించమంటాను. బస్సెక్కి పలాస వెళ్లాను. ఆఫీసు గదిలో వేగిన జీడి తొక్కల పొగ వాసన. టేబుల్ మీద ఒక ఫైలు పెట్టారు.

అందులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా యజమాని రాసిన మూడు ఉత్తరాలు ఉన్నాయి. ఆయన తెలుగులో చెప్తే ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. ఆ కంపెనీకి వెళ్లినవన్నీ ఇంగ్లీషువే, ఇక్కడ వాటిని తెలుగులో చెప్తున్నాను. మూడూ మేనేజింగ్ డైరెక్టరు పేరు మీదే వెళ్లాయి. మొదటి దానిలో కొంత భాగం ఇది:

"తమరి సంస్థ దినదినాభివృద్ధి చెందాలని ఆ భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాం. మా పరిస్థితి ఏమీ బాగులేదు. కూలీలకు ఇవ్వడం కష్టంగా ఉంది. తమరు పెద్ద మనసు చేసుకుని మా బాకీలో ఎంతో కొంత పంపగలరని కోరుతున్నాం."

రెండోది, మూడోది కూడా ఇంతే. ఒక్కదాంట్లోనూ బిల్లు నంబరు లేదు, మొత్తం ఎంతో లేదు, ఎప్పటికి కావాలో లేదు.

ఆయన్ని తప్పు పట్టబుద్ధి కాలేదు. మన జిల్లాల్లో ఆ తరం వాళ్లు నేర్చుకున్న ఉత్తరం ఒకటే, అర్జీ. తాసీల్దారుకో, పంచాయతీకో రాసింది. అక్కడ పని చేసి పెట్టాలా వద్దా అన్నది అవతలివాడి చేతిలో ఉంటుంది, అందుకని బతిమాలడంలో అర్థముంది. బాకీ ఉన్నవాడి చేతిలో ఆ వెసులుబాటు ఉండకూడదు. మనమే బతిమాలితే ఇవ్వడం ఇవ్వకపోవడం తన ఇష్టమేనని అతనికి మనమే చెప్పినట్టు. పైగా "ఎంతో కొంత" అన్న మాటను అకౌంట్స్ గుమాస్తా ఏ కాలమ్‌లో నింపాలి?

ఆ మూడింటికీ జవాబు రాకపోయేసరికి యజమాని మేనల్లుడు రంగంలోకి దిగాడు. ఫోన్‌లో ఏదో యాప్‌ని అడిగి లీగల్ నోటీసులా ఉండే రెండు పేజీలు తెచ్చాడు. "కఠినమైన సివిల్, క్రిమినల్ చర్యలు", "48 గంటల్లో" లాంటి మాటలు, కింద పది మందికి కాపీలు. అక్టోబరు చివర్లో పంపారు. 48 గంటలు గడిచాయి, ఏమీ జరగలేదు. అప్పటిదాకా ఫోన్ ఎత్తుతున్న పర్చేజ్ మేనేజరు ఎత్తడం మానేశాడు. చేయలేని పనిని గడువు పెట్టి బెదిరిస్తే ఆ గడువు దాటిన క్షణం నుంచి మన సంతకానికి విలువ పోతుంది.

ఫైల్లో ఇంకో కాగితం నన్ను ఎక్కువ బాధపెట్టింది. పిక్కలు లేక వారానికి నాలుగు రోజులే పని పెట్టాలనుకుని ఫ్యాక్టరీ గేటు మీద అంటించిన నోటీసు. "ఇందుమూలముగా యావన్మంది కార్మికులకు తెలియజేయునదేమనగా, ముడిసరుకు లభ్యత యందలి ఇబ్బందుల దృష్ట్యా పనిదినములను తాత్కాలికముగా కుదించుట జరిగినది." నలభై మందిలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. ఒకమ్మాయి చదివి "ఏదో జరిగిందట" అని చెప్పిందట. ఫ్యాక్టరీ మూసేస్తున్నారని సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు పదిహేను మంది వేరే ఫ్యాక్టరీకి పనికి పోయారు.

అర్జీ, బెదిరింపు, శాసనం. ముగ్గురు రాసిన మూడు రకాల కాగితాలకూ ఒకటే జబ్బు అని నాకనిపించింది. చదివేవాళ్లు దాన్ని పట్టుకుని ఆ తర్వాత ఏం చేయాలో రాసినవాళ్లెవరూ ఆలోచించలేదు.

నోటీసు సంగతి ముందు

బకాయి కన్నా ముందు నోటీసు మార్చాం. ఇక్కడ డబ్బు కాదు, మనుషులు పోతున్నారు. ఆడవాళ్లకు తెలియాల్సింది నాలుగే విషయాలు. ఫ్యాక్టరీ మూస్తారా, ఏ రోజుల్లో పని, కూలి ఎప్పుడు, ఇలా ఎన్నాళ్లు. పెద్ద అక్షరాలతో ఇలా రాశాం:

"ఫ్యాక్టరీ మూసెయ్యడం లేదు. పిక్కలు తక్కువగా ఉన్నాయి. నవంబరు నెలంతా సోమ, మంగళ, గురు, శుక్రవారాలే పని. చేసిన పనికి కూలి ఎప్పటిలాగే శనివారం ఇస్తాం. డిసెంబరు సంగతి నవంబరు 30న చెప్తాం."

అంటించే ముందు మేస్త్రీ పనిచోట రెండుసార్లు పైకి చదివింది. ఒకామె "మరి పండక్కి అడ్వాన్సు ఇస్తారా?" అని అడిగింది. అది మేం రాయలేదు. యజమాని అక్కడే "ఇస్తాం" అన్నారు, కోడలు కాగితం కింద ఆ మాట కూడా చేర్చింది. పోయిన పదిహేను మందిలో పదకొండు మంది వారంలో వెనక్కి వచ్చారు.

నా మొదటి ఉత్తరం, నా తప్పు

ఇక బకాయి. నేను చూసుకున్న ఆధారం ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. మైక్రో, స్మాల్ సంస్థ దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులో చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదని 15వ సెక్షన్. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. కాబట్టి ఆర్డరులోని 60 రోజులు చెల్లవు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ అని 16వ సెక్షన్. అప్పుడు బ్యాంకు రేటు 6.75 శాతం, మూడు రెట్లంటే 20.25. మొత్తం 18.40 లక్షల మీద మొదటి నెలకే 31 వేల పైన. తేలకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే, అమ్మినవాడు ఉన్న ప్రాంతపు కౌన్సిల్లోనే వేయొచ్చు. ఇది చాలామందికి తెలియదు. పక్క రాష్ట్రం కోర్టు చుట్టూ తిరగాలేమోనన్న భయంతోనే సగం మంది మాట్లాడరు.

ఇవన్నీ చేతిలో ఉన్నాయన్న ఊపులో నవంబరు 11న నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మూడు బిల్లులు, సెక్షన్లు, వడ్డీ లెక్క, రెండో లోడు నాణ్యత మీద ఫోన్‌లో ఏదో గొణిగారని యజమాని చెప్పిన దానికి జవాబు, చివర్లో సంక్రాంతికి కొత్త ఆర్డరు ఇమ్మని విన్నపం. అన్నీ ఒకే ఉత్తరంలో. అందులో ఒక వాక్యం: "సరుకు నాణ్యత మీద మీరు ఇంతవరకు రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ తెలపలేదు."

ఆ వాక్యం వెనక ఉన్న లెక్క ఇది. సరుకు చేరిన 15 రోజుల్లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చేరిన రోజే సరుకు అంగీకరించినట్టు చట్టం చూస్తుంది. అభ్యంతరం చెప్తే మాత్రం అమ్మినవాడు దాన్ని తీర్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. యజమానిని అడిగితే "ఫోన్‌లోనే అన్నారండీ, కాయితం ఏటీ రాలేదు" అన్నారు. నేను అక్కడితో ఆగిపోయాను.

నవంబరు 27న వాళ్ల జవాబు వచ్చింది, అయిదు లైన్లు. రెండో లోడులో 12 డబ్బాల్లో బద్ద (రెండుగా విడిన పప్పు) ఎక్కువగా ఉందని తమ గోడౌన్ మనిషి జూలై 3న వాట్సాప్‌లో ఫొటోలతో పంపాడని, స్క్రీన్‌షాట్ జతచేశామని, నాణ్యత విషయం తేలాక చెల్లింపు చూస్తామని. చేరిన తొమ్మిదో రోజు. సరిగ్గా పదిహేను రోజుల లోపల. యజమాని ఫోన్‌లో వెతికితే ఆ మెసేజ్ ఉంది, దాని కింద ఆయన పెట్టిన దండం బొమ్మ కూడా ఉంది. వాట్సాప్ ఆయన లెక్కలో కాయితం కాదు. నాకు తెలిసుండాల్సింది, మెసేజ్ కూడా రాతేనని. ఫైలు అడిగాను గానీ ఫోన్ అడగలేదు.

అబద్ధం రాసినవాళ్లలా దొరికిపోయాం. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. మూడు బిల్లులనీ ఒకే ఉత్తరంలో కట్టేయడం వల్ల 12 డబ్బాల గొడవ 18 లక్షలకూ తాళం వేసింది. వాళ్లు నాలుగు పేజీల్లో తమకు అన్నిటికన్నా తేలికైన విషయం ఒక్కటి ఏరుకుని దానికే జవాబిచ్చారు. ఎవరైనా అదే చేస్తారు. నేనే వాళ్లకు ఏరుకునే అవకాశం ఇచ్చాను.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి ఉత్తరం రాసే ముందు కోడలి చేత ఫోన్ చేయించాను. పర్చేజ్ మేనేజరుకి కాదు, కంపెనీ బోర్డు నంబరుకి. "సరఫరాదారుల బిల్లులు ఎక్కించేది ఎవరండీ?" అని అడగమన్నాను. అకౌంట్స్‌లో ఒకావిడకు ఇచ్చారు. డబ్బు ఊసెత్తకుండా ఒకటే అడగమన్నాను: మా మూడు బిల్లులూ మీ దగ్గర నమోదయ్యాయా?

మొదటి రెండూ ఎక్కాయి. మూడోది ఎక్కలేదు. గోడౌన్ ముద్ర ఉన్న లారీ రసీదు కాపీ తమకు చేరలేదని, అది లేకుండా సరుకు అందినట్టు చూపలేమని ఆవిడ చెప్పింది. ఆ రసీదు జూలై నుంచి ఇక్కడ బీరువాలోనే ఉంది! మూడు నెలల పాటు మేనేజింగ్ డైరెక్టరుకి దండాలు పెడుతూ రాసిన ఉత్తరాలన్నీ వెళ్లి ఆగిపోయింది ఈవిడ టేబుల్ దగ్గరే. పెద్దాయనకు రాసినా చెక్కు తయారయ్యేది అక్కడే. ఆవిడకు కావలసింది దీవెనలూ కాదు, సెక్షన్లూ కాదు, ఒక జిరాక్సు.

అప్పుడు పని రెండుగా విడగొట్టాం.

ముందు 12 డబ్బాల ఉత్తరం. యజమానికి ఇది మింగుడు పడలేదు. "మా గ్రేడింగు మీద మాట పడితే పలాసలో తలెత్తుకోలేం మాస్టారూ. ఒప్పేసుకుందామంటారా?" అన్నారు. గ్రేడింగ్ రిజిస్టరు తెప్పించాం. ఆ డబ్బాలు కట్టిన రోజు గ్రేడింగ్ బల్ల దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండు పప్పులు రావాలి. బద్ద కలిస్తే కంటికే తెలిసిపోతుంది, ఫొటోల్లో తెలుస్తూనే ఉంది. ఒప్పుకోవడమే మంచిదని చెప్పాను, రెండు కారణాలతో. ఒకటి, అది నిజం. రెండు, అభ్యంతరం తీర్చనంత కాలం రెండో బిల్లు గడియారం కదలదు, తీర్చిన రోజు నుంచి కదులుతుంది.

డిసెంబరు 2 నాటి ఆ ఉత్తరంలో క్షమాపణ ఒక్క వాక్యం. "ఒకవేళ మీకు అసౌకర్యం కలిగి ఉంటే" అన్న తరహా మాట కొట్టేశాను. ఒకవేళ ఏముంది, కలిగింది. డబ్బా నంబర్లు, మా రిజిస్టరులో కనిపించింది, 120 కిలోలకు డబ్ల్యూ 320కి, బద్దకి ధరలో తేడా కిలోకి 70 రూపాయల చొప్పున 8,400, జీఎస్టీ 420 కలిపి 8,820కి క్రెడిట్ నోటు, అంటే బిల్లులో అంత తగ్గించినట్టు రాసిచ్చే కాగితం, జత. "దీనితో జూలై 3 నాటి అభ్యంతరం తీరినట్టేనని ఈమెయిల్‌లో నిర్ధారించగలరు" అని చివరి లైను. నవంబరు 11 ఉత్తరంలో రాతపూర్వక అభ్యంతరం లేదని రాయడం మా పొరపాటని కూడా ఒప్పుకున్నాం. కోడలు ఆ వాక్యం అవసరమా అంది. అవతలివాళ్లు పట్టుకున్న తప్పుని మనం దాటేస్తే మన మిగతా అంకెల్ని వాళ్లెందుకు నమ్మాలి?

రెండు రోజుల్లో నిర్ధారణ వచ్చింది. ఆ కంపెనీ నుంచి మాకు అంత త్వరగా వచ్చిన మొదటి జవాబు అదే.

డిసెంబరు 6న అసలు ఉత్తరం. అకౌంట్స్ విభాగం అధిపతికి, కాపీ ఆ ఉద్యోగినికి. ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ. అప్పటికింకా రిజిస్టర్డ్ పోస్టు ఉంది, 2025లో దాన్ని స్పీడ్‌పోస్టులో కలిపేశారు. తెలుగులో ఇలా ఉంటుంది:

"విషయం: మా బిల్లులు 1, 3, మొత్తం రూ.11,05,000, డిసెంబరు 24లోగా చెల్లింపు.

ఈ రెండు బిల్లుల సరుకు మీ గోడౌన్‌కు జూన్ 3న, జూలై 15న చేరింది. మీ నవంబరు 27 ఉత్తరంలోని అభ్యంతరం వీటికి సంబంధించినది కాదు. మూడో బిల్లు నమోదుకు కావలసిన లారీ రసీదు, మీ గోడౌన్ ముద్రతో, జతచేశాం.

మాది ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న మైక్రో తయారీ సంస్థ, సర్టిఫికెట్ జతచేశాం. చట్టప్రకారం 45 రోజుల గడువు ఈ బిల్లులకు జూలై 18న, ఆగస్టు 29న ముగిసింది. ఆ తర్వాతి కాలానికి వడ్డీ అడిగే హక్కు మాకుంది. డిసెంబరు 24లోగా అసలు జమైతే ఈ రెండు బిల్లుల మీద వడ్డీ అడగం. జమకాకపోతే వడ్డీతో సహా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తాం.

ఏ తేదీన చెల్లిస్తారో డిసెంబరు 13లోగా తెలపగలరు. రెండో బిల్లు గురించి విడిగా రాశాం, దాన్ని దీనితో కలపనక్కర్లేదు."

ఒక్క పేజీ. ఇందులో కొన్ని నిర్ణయాల వెనక చాలాసేపు వాదించుకున్నాం.

రెండో బిల్లు వదిలేయడం మొదటిది. దాని మీద వడ్డీ అడిగే స్థితిలో మేం లేం, అభ్యంతరం డిసెంబరు 2నే తీరింది. అడిగితే మళ్లీ నవంబరు కథే.

వడ్డీ వదులుకోవడం రెండోది. డిసెంబరు 24కి లెక్కగడితే ఈ రెండు బిల్లుల మీద వడ్డీ దాదాపు 88 వేలు. "అదెందుకు వదలాలి మావయ్య గారూ? హక్కే కదా," అంది కోడలు. ఆమె మాటలో న్యాయముంది. యజమాని మాత్రం ఆ కంపెనీ ఏటా రెండు సీజన్లూ కొంటుందని, 88 వేల కోసం దాన్ని పోగొట్టుకోలేనని అన్నారు. అది ఆయన వ్యాపారం, ఆ నిర్ణయం ఆయనదే. నా పని ఆ వదులుకోవడానికి ఒక ధర పెట్టడం. ఊరికే "వడ్డీ వద్దు" అనలేదు, తేదీకి ముడిపెట్టాం. ఇప్పటికీ ఆ విషయంలో నేను సగం కోడలి పక్షమే.

బెదిరింపు మూడోది. మేనల్లుడి ఉత్తరానికీ దీనికీ తేడా అదే. కౌన్సిల్‌కు వేయడానికి కావలసిన కాగితాలు డిసెంబరు 5 నాటికే సిద్ధం చేసి ఫైల్లో పెట్టాం. 25న వేయగలిగితేనే 24 అని రాయాలి.

నేను రాయకుండా వదిలేసింది కూడా చెప్పాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 43బి సెక్షన్‌లో హెచ్ క్లాజు అమల్లోకి వచ్చింది. మైక్రో, స్మాల్ సంస్థలకు గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి కూడా చెల్లించకపోతే, కొన్నవాళ్లు ఆ ఏడాది ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేరు. ఇది ఉత్తరంలో పెడదామా అని కోడలు అడిగింది. వద్దన్నాను. అకౌంట్స్ అధిపతికి అది మాకన్నా బాగా తెలుసు. ఆయనకు తెలియంది ఒక్కటే, మాది మైక్రో సంస్థ అన్న సంగతి. మా బిల్లుల మీద ఎక్కడా ఉద్యం నంబరు లేదు మరి! సర్టిఫికెట్ జతచేస్తే మిగతా లెక్క ఆయనే వేసుకుంటాడు. అవతలివాడు తనంతట తాను కనుక్కున్న కారణానికి ఉండే బలం మనం చెప్పిన దానికి ఉండదు.

డిసెంబరు 12న జవాబు, 24న చెల్లిస్తామని. 24 సాయంత్రం 11,05,000 జమైంది. రెండో బిల్లులో క్రెడిట్ నోటు పోను 7,26,180. దానికి డిసెంబరు 2 నుంచి 45 రోజులు జనవరి 16తో సరి. ముక్కనుమ రోజు మధ్యాహ్నం కోడలు ఫోన్‌లో మెసేజ్ మోగింది.

బ్యాంకు ఉత్తరం

ఇది మధ్యలో, డిసెంబరు 9న రాసింది. క్యాష్ క్రెడిట్ మీద తాత్కాలికంగా నాలుగు లక్షలు అదనంగా కావాలి. యజమాని ముందు రాసుకున్న చిత్తులో సగం పేజీ "మా కుటుంబానికీ తమ బ్యాంకుకూ ముప్పై ఏళ్ల అనుబంధం". మేనేజరుకి దాంతో పని లేదు. ఆయన పై ఆఫీసుకి నోట్ పెట్టాలి, ఆ నోట్‌లోకి ఎత్తి రాసుకోగలిగే వాక్యాలు కావాలి. ఎంత, ఎన్ని రోజులకు, ఏ సొమ్ముతో తీరుస్తాం. చెడు వార్త కూడా మొదట్లోనే చెప్పాం. 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకు సాధారణంగా డ్రాయింగ్ పవర్‌లో, అంటే ఆ అప్పులో వాడుకోనిచ్చే మొత్తంలో, లెక్కించదు కాబట్టి మా డ్రాయింగ్ పవర్ తగ్గుతుందని. స్టాక్ స్టేట్‌మెంటు చూసి ఆయన కనుక్కునే లోపు మనమే చెప్పడం నయం. మూడు లక్షలే ఇచ్చారు. వాటితో పిక్కలు కొని జనవరిలో ఆరు రోజుల పని పెట్టారు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఉత్తరం అడిగినవాళ్ల ఫైలుతో పాటు ఫోన్ కూడా చూపించమంటున్నాను. వాట్సాప్, ఎస్‌ఎంఎస్, దండం బొమ్మలతో సహా. కొంతమంది మొహమాటపడతారు. అలాంటప్పుడు ఆ కంపెనీ పేరుతో ఉన్న మెసేజులు మటుకు వాళ్లనే చదివి వినిపించమంటాను.

గట్టి ఉత్తరం రాసే ముందు మామూలు విచారణ ఒకటి చేయిస్తున్నాను. చాలాచోట్ల గొడవ ఇవ్వకూడదన్న ఉద్దేశంలో లేదు, ఎక్కడో ఒక కాగితం చేరకపోవడంలో ఉంది. ఈ కేసులో రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. మూడో బిల్లు కాగితం వల్ల ఆగింది సరే, మొదటి బిల్లు ఎందుకు ఆగిందో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

అర్జీ భాషను పూర్తిగా తీసిపారేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. జనవరిలో డబ్బంతా వచ్చాక అకౌంట్స్‌లో ఆ ఉద్యోగినికి కృతజ్ఞత చెప్తూ యజమాని తన చేత్తో ఒక ఉత్తరం రాశారు. ఆవిడ తెలుగావిడేనట, ఫోన్‌లో మాటల్లో తెలిసింది. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, వాళ్ల పిల్లల చదువులు అడిగి, పావుకిలో డబ్ల్యూ 180 పొట్లం కూడా పంపుతానంటే పొట్లం వద్దన్నాను. కంపెనీ ఉద్యోగికి అలాంటివి పంపితే ఆవిడకే ఇబ్బంది. ఉత్తరంలో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ భాష అక్కడ చక్కగా కుదిరింది.

ఫిబ్రవరిలో మళ్లీ పలాస వెళ్లాను, కొత్త బిల్లు పుస్తకం చూడ్డానికి. ఉద్యం నంబరు, 45 రోజుల గడువు తేదీ, లారీ రసీదు నంబరు ప్రతి బిల్లు మీదా అచ్చయ్యాయి. వచ్చే ముందు యజమాని సొరుగులోంచి ఒక ఇన్‌లాండ్ లెటరు తీసి నా ముందు పెట్టారు. ఉద్దానంలో ఆయనకు పిక్కలు అమ్మే చిన్న రైతు రాసింది. కిందటి మే నెల బస్తాల తాలూకు డబ్బు ఇంకా రాలేదని, పెద్ద మనసు చేసుకుని ఎంతో కొంత పంపించమని.

"ఇతనికి జవాబు రాయాలండీ," అన్నారు. కోడలు కాగితం ఇచ్చింది. రైతు పేరు, బస్తాలు ఎన్ని, సొమ్ము ఎంత, అన్నీ గబగబా రాశారు. తేదీ రాసే చోట కలం ఆగింది. కోడలు గోడ మీది క్యాలెండరు తీసి ఆయన ముందు పెట్టింది.